మునుంలో నేర్చిన చదువు

మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి మొన్నటి వానల్లో కుంటుకుంటూ వచ్చింది. కాలు చూపించవే అంటే సిగ్గుపడింది. నాలుగిళ్ళ నీళ్ళల్లో నాని వేళ్ళ సందులు తెల్లగా పాచిపోయి, చిటికెనవేలి పక్కన పుండు పడింది. నేను మందుల షాపుకి వెళ్ళి వంకాయరంగు మందు ఇమ్మన్నాను. షాపాయన నా మొహం చూసి, "అదిప్పుడు ఎవరు వాడుతున్నారండీ?" అని ఏదో ట్యూబు చేతిలో పెట్టాడు. ట్యూబు మంచిదే అయ్యుంటుంది. కానీ ఆ అమ్మాయి కాళ్ళు తుడిచి రాస్తున్నంతసేపూ నా ముక్కుకి ఆ పాత మందు వాసనే కొట్టింది. దాని వెనకే నాట్లకి దమ్ము చేసిన మడి బురద వాసన కూడా వచ్చింది. వయసు మీద పడ్డాక ఇదొక రోగం. చేతులు ఇక్కడ పని చేస్తుంటాయి, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది.

మాది మొవ్వ దాటాక కాలవ శివార్లో ఊరు. కాలవ వదిలిన నీళ్ళు పై ఊళ్ళన్నీ తడిపి, చివరికి మా ఊరొచ్చేవి. అందుకని మాకు నాట్లు ఆలస్యం, హడావిడి ఎక్కువ. నీళ్ళు వచ్చాయంటే మా పేటలో నడవగలిగిన ఆడమనిషల్లా మడిలో ఉండాల్సిందే. పేటంతా క్రైస్తవంలో కలిసిన వాళ్ళం. ఒక తాటాకు చర్చి, దాని పక్కన ఒక్క గది బడి, బడికి ఒక్కరే పంతులుగారు. మా నాయన పక్కూళ్ళో పాలేరు. ఆదివారం ఒక్కపూట ఇంటికొచ్చేవాడు, ఆ పూట కూడా నిద్రపోయేవాడు. ఇల్లంటే అమ్మా నేనూ.

ఆషాఢంలో రైతుల ఇళ్ళల్లో ఆడపిల్లలు చేతులకి గోరింటాకు పెట్టుకునేవాళ్ళు. మా పేటలో కాళ్ళకి పెట్టుకునేవాళ్ళు. అందానికి కాదు. వేళ్ళ సందుల్లో దట్టంగా కూరితే బురద అంత తొందరగా తినదని నమ్మకం. అమ్మ రోట్లో రుబ్బుతుంటే నేను పక్కనుంచి కాస్త దొంగిలించి అరచేతిలో చందమామ పెట్టుకునేదాన్ని. "ఏం సుఖాన ఉన్నావని చేతులకి పెడతన్నావే?" అని కసిరేది. కసిరి, మళ్ళీ తనే నా చేతివేళ్ళకి టోపీలు పెట్టేది.

మడిలో ఆడవాళ్ళు ఒక వరసలో నిలబడి, నడుం వంచి, నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆ వరసనే మునుం అంటారు. మునుంలో ఎవరూ తోటివాళ్ళని దాటిపోకూడదు, ఎవరూ వెనకబడకూడదు. ఎవరైనా బాలింత వెనకబడితే అటుపక్కామె, ఇటుపక్కామె చేతులు చాపి ఆమె వంతు కూడా నాటేసి, గట్టు మీద నిలబడ్డ ఆసామికి లోటు కనపడకుండా చేసేవాళ్ళు. అందర్నీ ఒక్క తీరున నడిపించేది పాట. మా మునుంలో పాట ఎత్తేది మా అమ్మ. అమ్మ ఒక ముక్క అంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, చేతులు పాట మీద పడేవి. ఎండ మండితే అమ్మ పాటని నెమ్మదిగా సాగదీసేది. "ఏమ్మే, ఆ ఏడుపు పాట ఆపి కాస్త జోరుది ఎత్తు," అనేవాడు ఆసామి. "చిత్తమండి," అని ఇంకా సాగే పాట ఎత్తేది. మిగతావాళ్ళు తలలు వంచుకుని నవ్వుకునేవాళ్ళు. పాట ఎత్తినందుకు వేరే ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. గొంతు ఎండితే కాలవ నీళ్ళున్నాయి.

మధ్యాహ్నం గట్టు మీద చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. బడి లేని రోజున నేనూ పోయి గట్ల కింద బొక్కల్లో పీతలు పట్టేదాన్ని. ఒకసారి బతికున్న పీతని మా పెద్దమ్మ చద్ది గిన్నెలో పెట్టి మూత పెట్టాను. ఆవిడ అమ్మకి అక్క, మునుంలో ఎప్పుడూ అమ్మ పక్కనే. మూత తీస్తే కెవ్వుమంటుందని నేను తుమ్మచెట్టు వెనక నోరు మూసుకుని చూస్తున్నాను. ఆవిడ చప్పుడు లేకుండా పీత కాళ్ళు విరిచి కొంగున కట్టుకుని, "రాత్రి పులుసుకి ఇంకోటి పట్రా," అంది నావైపు చూడకుండానే.

ఇంకో ఆచారం ఉండేది. నాట్లప్పుడు ఎవరైనా గట్టు మీద పోతుంటే ఆడవాళ్ళు నారుకట్టలు తెచ్చి దారికడ్డంగా వేసేవాళ్ళు. ఆకూ వక్కో, బెల్లం ముక్కో, ఏదో ఒకటి ఇచ్చిందాకా కదలనిచ్చేవాళ్ళు కాదు. ఇవ్వకుండా దాటబోయినవాళ్ళ తెల్లపంచె తెల్లగా ఇంటికి చేరేది కాదు. అలా ఒకరోజు బైబిలమ్మగారికి దారి కట్టారు. ఆవిడ బందరు నుంచి వచ్చి పేటల వెంట తిరిగి వాక్యం చెప్పే మనిషి. తెల్లచీర, నల్లగొడుగు, బురదకి చేతిలో పట్టుకున్న చెప్పులు. వయసులో ఇంకా చిన్నదే.

"నా దగ్గరేముందమ్మా మీకివ్వడానికి, నాలుగక్షరాలు తప్ప?" అంది.

"అయ్యే ఇయ్యండి. ఇయ్యందే కట్ట తియ్యం," అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయితే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కరు కూడా ఇంటికి పోకండి," అంది.

ఆదివారం నిజంగానే పలకలూ వాచకాలూ తెచ్చింది. ఆడవాళ్ళు చర్చిలో చాపల మీద వరసగా కూర్చున్నారు. మడిలో ఎవరి పక్కన ఎవరో అక్కడా అదే వరస. పిల్లలం తాటాకు సందుల్లోంచి చూసి ఇకిలించేవాళ్ళం. పెద్దమ్మ బలపాన్ని నారుమొక్కలాగా మూడువేళ్ళతో పట్టుకుని పలకలోకి గుచ్చేది. మొదట్లో బైబిలమ్మగారు ఒక్కొక్కళ్ళనీ లేపి చదివించాలని చూసింది. ఒంటరిగా లేచి నిలబడితే ఒక్కళ్ళకీ నోరు పెగిలేది కాదు. అందరూ కలిసి అనమంటే మాత్రం చర్చి ఎగిరిపోయేది. ఆవిడ ఒక వాక్యం చదువుతుంది, అమ్మ దాన్ని ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎవరికైనా ముక్క తప్పితే పక్కామె అందిస్తుంది. మునుంలో లాగే ఎవరి లోటూ ఎవరికీ కనపడేది కాదు.

వారమంతా మడిలో అదే పాడేవాళ్ళు. ఆవు గడ్డి తినును, ఆవు పాలు ఇచ్చును అని ఊరంతా వినపడేది. ఆసామి చెవి ఒగ్గి, "అదేం పాటే కొత్తగా?" అన్నాడు. "ఆవు పాటండి," అంది అమ్మ. అది చదువని తెలిస్తే మానిపిస్తాడేమోనని భయం.

క్రిస్మస్ నాటికి వాచకం అయిపోయింది, సువార్తలో కొన్ని అధ్యాయాలూ అయ్యాయి. పండగ ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఆడవాళ్ళని ముందుకు పిలిచి పుస్తకాలు ఇచ్చారు. అమ్మ వరస కింద వేలు నడుపుకుంటూ రక్షకుడి పుట్టుక ఒక్క తప్పు లేకుండా చదివింది. మిగతావాళ్ళు ఆమె వెంట చదివారు. మా నాయన ఆ రోజు నిద్రపోలేదు. ఇంటికొచ్చాక కూడా అమ్మవంక ఏదో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ రాత్రి మేం తిన్న కోడికూర రుచి ఇంకా నాలిక మీద ఉంది. అమ్మని అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

మోసం ఏమీ లేదు అందులో. అమ్మ నిజంగానే తనకి చదువొచ్చని నమ్మింది. ఒకసారి కొట్టు నుంచి బెల్లం కట్టిన కాగితం ఇచ్చి, ఇది చదవమ్మా అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మనకి చెప్పలేదే," అని బెల్లం గీకి నా నోట్లో పెట్టింది. నాకూ వింతగా అనిపించలేదు. నేర్చుకోని పాట ఎవరికొస్తుంది?

మరుసటి ఏడు నాట్లు సగం పడేసరికి అమ్మ కాళ్ళు పోయాయి. గోరింటాకూ ఆపలేదు, పసుపూ ఆముదమూ ఆపలేదు. వేళ్ళ సందులు విచ్చుకుని చీము పట్టింది. రాత్రి చాప మీద పాదాలు ఆనించలేక గోడకి ఎత్తి పెట్టుకునేది. బైబిలమ్మగారు బలవంతాన బందరు మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మగారు వంకాయరంగు మందు పూసి, మళ్ళీ బురదలో దిగితే వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుందని చెప్పి పంపింది. పేటకొచ్చి ఆ మాట చెప్తే పెద్దమ్మ, "దిగకపోతే గాల్లో నాటమంటదా ఆయమ్మ?" అంది. ఎవరూ నవ్వలేదు. అందరి కాళ్ళూ కాస్త అటూ ఇటూగా అలాగే ఉన్నాయి.

తర్వాత బైబిలమ్మగారే ఒక కబురు తెచ్చింది. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి ఆయా కావాలట. నెలజీతం. వెనకాల ఉండటానికి గది. ఆవరణలోనే ఆడపిల్లల బడి.

"నేలంతా గచ్చేనా అండీ?" అని అడిగింది అమ్మ.

"గచ్చేనమ్మా."

"తడి ఉండదా?"

"తుడిచినప్పుడు ఉంటుంది. ఆరిపోతుంది."

ఇంకేం అడగలేదు అమ్మ. జీతమెంతో కూడా అడగలేదు. "మంచాల దగ్గర చీటీలుంటాయి, అవి చదవగలిగిన మనిషి కావాలన్నారు. నా దగ్గర చదువుకున్న మనిషి ఉందని చెప్పాను," అంది బైబిలమ్మగారు గర్వంగా. నాట్ల రోజుల్లో పాట ఎత్తే మనిషిని వదులుకోవడం పేటకి నష్టమే. అయినా మునుంలో వాళ్ళంతా వచ్చి వెళ్ళు వెళ్ళు అన్నారు. ఒక్కరైనా బురదలోంచి బయటపడాలని వాళ్ళకుండదా? పెద్దమ్మ తన క్రిస్మస్ చీర తెచ్చి అమ్మకి కట్టింది.

అమ్మ నన్నూ వెంటపెట్టుకుంది. కాళ్ళకి పాతగుడ్డలు చుట్టుకుని గట్టెంబడి రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. బందరు దగ్గర పడేకొద్దీ గాలికి ఉప్పువాసన వచ్చింది. కోనేరు సెంటర్లో దిగాక హల్వా కొట్లు నేను వదల్లేదు, అమ్మ చెయ్యి నన్ను వదల్లేదు. నడుస్తూ కొట్ల మీద బోర్డులు ఒక్కొక్కటీ కూడబలుక్కుని పైకి చదివాను.

"ఇయ్యన్నీ నీకెప్పుడు చెప్పారే?" అంది అమ్మ.

"చెప్పలేదమ్మా, అక్కడ రాసుంది."

వేళాకోళం అనుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే ఆసుపత్రి గేటు లోపలికి వెళ్ళాం. బైబిలమ్మగారు అక్కడ మాకోసం ఎదురుచూస్తోంది.

ఆయాల్ని పెట్టుకునే పెద్ద నర్సమ్మగారు మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే వినేవాళ్ళకి ఆవిడ మీద కోపం వస్తుంది. అమ్మని కుర్చీలో కూర్చోమంది. అమ్మ కూర్చోలేదు. వార్డులోంచి ఒక చీటీ తెప్పించి చేతికిచ్చి, "చదువమ్మా," అంది. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని శ్రద్ధగా చూసింది.

"ఇది మాకు చెప్పలేదండి. తమరు ఒక్కసారి చదివి వినిపిస్తే అప్పజెప్తానండి," అంది.

పెద్ద నర్సమ్మగారు బైబిలమ్మగారి వంక చూసింది. తర్వాత చీటీ తీసుకుని నెమ్మదిగా చదివింది. పొద్దున పాలు, పగలు జావ, మాపటికి మందు, కూరలో ఉప్పు వెయ్యరాదు. అమ్మ చీటీ అందుకుని, వేలు నడుపుతూ, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అయిపోయిందనుకుని నావైపు చూసి కళ్ళతోనే నవ్వింది. పెద్ద నర్సమ్మగారు ఆఖరి వరసలో ఒక మాట మీద పెన్సిలు ఆనించి, "ఇదేంటమ్మా?" అంది.

అమ్మ వేలు మళ్ళీ మొదటికి పోయింది. పొద్దున పాలు అని మొదలుపెట్టింది. నడుమ ముక్క ఒకటే కావాలంటే పాట ఎత్తే మనిషి ఏం చేస్తుంది, మొదట్నించి ఎత్తుకుని రావాలి కదా. వేలు కదులుతూ వచ్చింది, నోరు కదులుతూ వచ్చింది. నోరు ఉప్పు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి వేలు అక్షరాలు దాటిపోయి తెల్లకాగితం మీద ఉంది. అమ్మ ఆగింది. తన వేలి కింద ఏమీ లేదని చూసుకుంది.

"పాపా, నువ్వు బడికెళ్తున్నావా? ఇదేంటో చెప్పు," అంది పెద్ద నర్సమ్మగారు.

నేను ఉ అన్నాను, కాసేపాగి ఉప్పు అన్నాను. వె దగ్గర తడబడి, యకి కింద య ఉందని చూసుకుని, వెయ్యరాదు అన్నాను. ముక్కలు ముక్కలుగా, వినడానికి అధ్వాన్నంగా చదివాను. అమ్మ నా నోటివంక చూసింది, చీటీవంక చూసింది.

"దీనికీ చీటీ ఎవరు చెప్పారండీ?" అంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పకపోయినా చదవగలిగితేనే అది చదువు."

"మరి మేం చదివిందేంటండీ?"

బైబిలమ్మగారు, "వేలు సరిగ్గానే నడుస్తోంది కదా అనుకున్నాను. నేనే చూసుకోలేదు," అని కళ్ళు తుడుచుకుంది. అమ్మే ఆవిణ్ణి ఓదార్చింది. "మీరేం చేస్తారమ్మా, మేవంతా ఒక్క నోరై అరుస్తుంటే," అంది.

ఒకరి మందు ఒకరి నోట్లో పడితే ప్రాణం పోతుందని, నిన్ను పెట్టుకోలేనని పెద్ద నర్సమ్మగారు మెత్తగానే చెప్పింది. చెప్పి, పిల్లని ఇక్కడ బోర్డింగులో ఉంచుతావా అంది. చదువూ తిండీ మిషను చూసుకుంటుందంది. అమ్మ తన కాళ్ళవంక చూసుకుంది. పిల్ల ఇంట్లో ఉంటే ఇంకో రెండేళ్ళలో మునుంలో తన పక్కన నిలబడుతుంది. ఆ కాళ్ళతో తను ఎన్నాళ్ళు నిలబడగలదో తెలియదు. అదంతా నాకిప్పుడు అర్థమవుతుంది, అప్పుడు కిటికీలోంచి ఉయ్యాల చూస్తున్నాను.

"పిల్లలుండే గది కూడా గచ్చేనా అండీ?" అంది చివరికి.

గేటు దగ్గర నా తల నిమిరింది. ముద్దు పెట్టుకోలేదు, మా పేటలో ఆ అలవాటు లేదు. "ఎవరెనకమాలా అనమాక. పక్కదాన్ని అందియ్యమనమాక. ఒక్కదానివే చదువు," అంది. ఇంతకాలం పదిమందిని తన వెంట అనిపించిన మనిషి ఆ మాట అంది. తర్వాత గుడ్డలు చుట్టిన కాళ్ళతో బస్సుకి నడిచింది. మర్నాడు మడిలో పాట ఎత్తింది అమ్మేనని దసరా సెలవుల్లో పెద్దమ్మ చెప్పింది. ఆదివారం చదువు మాత్రం ఆగిపోయింది. బందర్లో జరిగింది అమ్మ దాచుకోలేదు, ఒక్కొక్కళ్ళకీ చెప్పింది. విని అందరూ పలకలు తిరిగిచ్చేశారు. బైబిలమ్మగారు ఈసారి అక్షరాల నుంచి మొదలుపెడదాం రండమ్మా అని ఇల్లిల్లూ తిరిగింది. అప్పటికే కలుపులు, తర్వాత కోతలు, తర్వాత మినుములు. ఎప్పుడొస్తారు పాపం. ఇంకో రెండేళ్ళకి అమ్మ కాలి వేళ్ళు తీసెయ్యనే తీసేశారు.

నేను ట్రైనింగై, గుడివాడ చుట్టుపక్కల బళ్ళల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా క్లాసులో పిల్లల్ని ఎన్నడూ కోరస్‌గా చదవనివ్వలేదు. పిచ్చి టీచరు అన్నారు తోటివాళ్ళు. అననీ. ఉద్యోగం వచ్చాక అమ్మని నా దగ్గర పెట్టుకుని అక్షరాలు దిద్దించబోయాను. "నలుగుర్లో అయితే వచ్చుద్దే, ఒక్కదాన్నే కూకుంటే నా నోరు లేవదు," అని పలక పక్కన పెట్టేసింది. ఆ మునుం లేదిప్పుడు, ఆ నోళ్ళూ లేవు. మా అంట్ల అమ్మాయిని చదువుకున్నావా అంటే, ఐదో తరగతి పాసయ్యానండి అంటుంది. పాసయ్యిందే, అబద్ధం కాదు. ట్యూబు మీద రాసింది మాత్రం నన్నే చదివి పెట్టమంది.

అమ్మకి రాని ఉద్యోగం వేరే ఆమెకొచ్చింది. చీటీలు చదవగలిగిన మనిషి, పామర్రు వైపు నుంచి వచ్చిన విధవరాలు. నేను బోర్డింగులో ఉన్నన్నాళ్ళూ ఆమె నన్ను బాగా చూసుకుంది. జ్వరమొస్తే పక్కన కూర్చునేది, పండక్కి తన వాటా మిఠాయి నాకు పెట్టేది. సాయంత్రం పని అయ్యాక వార్డు వెనక గచ్చు మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని నన్ను రమ్మని పిలిచేది. వెళ్ళేదాన్ని. ఆమె కబుర్లు చెప్తుంటే నేను ఆమె పాదాలే చూసేదాన్ని. పొడిగా, శుభ్రంగా, వేళ్ళన్నీ ఉన్న పాదాలు. ఆమె నాకు అన్నీ మంచే చేసింది. అయినా ఆ పాదాలంటే నాకు ఒళ్ళు మండేది.